వంటిల్లే తొలి బడి
ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు వంటపని ద్వారా శిక్షణ



ఈ సంచికలో బుద్ధిమాంద్యం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఇంట్లోనే ఇవ్వదగిన ఒక శిక్షణ గురించి తెలుసుకుందాం. దీనికి ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. మన వంటింట్లో ఉన్న గిన్నెలు, గరిటెలు, గ్లాసులు, పప్పులు చాలు. కావలసిందల్లా రోజుకు పావుగంట సమయం, కొంచెం ఎక్కువ ఓపిక. ఈ పిల్లలు ఉన్న తల్లిదండ్రులే కాకుండా తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు, అక్కచెల్లెళ్లు, ఇరుగుపొరుగువారు కూడా ఈ పాఠం చదవాలని కోరుతున్నాము.

ఈ పాఠం ఎందుకు?

మా వార్డుల్లో తరచూ కనిపించే సమస్య ఒకటుంది. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్న తల్లికి జబ్బు చేస్తే ఆమె ఆసుపత్రిలో ఉండడానికి ఒప్పుకోదు. కొన్నేళ్ల కింద గర్భసంచి ఆపరేషన్ అయిన ఒక తల్లి మూడో రోజే "సిస్టరమ్మా, నన్ను ఇంటికి పంపండి" అని పట్టుబట్టింది. కుట్లు ఇంకా మానలేదు. కారణం అడిగితే ఇంటి దగ్గర ఉన్న ఇరవై ఏళ్ల కొడుకు సంగతి చెప్పింది. అతనికి బుద్ధిమాంద్యం. చిన్నప్పటి నుండి ఆమె కలిపి ముద్దలు పెడితేనే తింటాడు. ఇంట్లో అన్నం ఉంది, కూర ఉంది, వండి పెట్టడానికి మేనత్త వచ్చి ఉంది. అయినా రెండు రోజుల నుండి అతను సరిగా తినలేదు. అతని చేతుల్లో బలం ఉంది. గిన్నె మూత తీసి అన్నం పెట్టుకోవచ్చునని మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆ తల్లిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇరవై ఏళ్లు విసుగు లేకుండా ముద్దలు పెట్టిన చేయి అది. అయితే ఇలాంటి ప్రతి తల్లి, ప్రతి తండ్రి ఎప్పుడో ఒకప్పుడు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "మేము పోయాక వీడి గతి ఏమిటి?" దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. కాని జవాబులో కొంత భాగం మన వంటింట్లోనే ఉంది. తన పళ్లెం తాను పెట్టుకోగలిగిన బిడ్డను చూసుకోవడానికి బంధువులు కూడా ముందుకు వస్తారు. ఇంకొకరికి గ్లాసుడు మజ్జిగ కలిపి ఇవ్వగలిగిన బిడ్డ ఆ ఇంట్లో పనికొచ్చే మనిషి అవుతాడు.

ఒక్క భోజనంలో ఎన్ని పాఠాలు!

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఏమి వచ్చు, ఏమి నేర్పాలి అని తెలుసుకోవడానికి మన దేశంలో ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఒకటి 1975లో మద్రాసులో తయారైంది. దాని పేరు మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టం. అందులో 18 విభాగాలు, ఒక్కో విభాగంలో 20 చొప్పున మొత్తం 360 అంశాలు ఉంటాయి. పెద్ద కండరాల కదలికలు, వేళ్ల పని, భోజనం, శుభ్రత, మాట వినడం, మాట చెప్పడం, నలుగురితో మెలగడం, చదువు, అంకెలు, కాలం, డబ్బు, ఇంటి పనులు మొదలైనవన్నీ అందులో వేరువేరు విభాగాలు.

ఇప్పుడు మన ఇంట్లో పప్పు వండే సంగతి ఆలోచించండి. దుకాణానికి వెళ్లి పప్పు కొంటే డబ్బు పాఠం. రాళ్లు ఏరితే వేళ్ల పని. గ్లాసుతో కొలిస్తే అంకెలు. కుక్కర్ విజిల్స్ లెక్కపెడితే అంకెలతో పాటు వినడం, వేచి ఉండడం. చేతులు కడుక్కుంటే శుభ్రత. "చాలా? ఇంకా కావాలా?" అని అడిగి వడ్డిస్తే మాట, మర్యాద. సగానికి పైగా విభాగాలు ఒక్క పూట వంటలోనే వస్తాయి.

ఇంకొక లాభం ఉంది. పలక మీద 3 అంకె వేసి చూపిస్తే చాలామంది ఈ పిల్లలకు అర్థం కాదు. ఇంట్లో ముగ్గురు ఉన్నారు, మూడు పళ్లేలు పెట్టు అంటే అర్థమవుతుంది. కళ్లకు కనిపించేది, చేతికి తగిలేది, వాసన వచ్చేది, నోటికి రుచి తెలిసేది వారికి త్వరగా పట్టుబడుతుంది. పైగా ఇల్లన్నాక వంట ప్రతిరోజూ ఉంటుంది. ఈ పిల్లలకు ఒకే పనిని వందసార్లు చేయించాలి. అన్నిసార్లు చేయించినా ఎవరికీ వింతగా తోచని చోటు వంటిల్లు.

ఈ ఆలోచన ఎక్కడిది?

ఇది కొత్త ఆలోచన కాదు. ఇటలీ దేశపు డాక్టర్ మరియా మాంటిస్సోరి పేరు చాలామంది విని ఉంటారు. ఆమె మామూలు పిల్లల బడి పెట్టడానికి ముందే రోము నగరంలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేశారు. అక్కడ నేర్చుకున్నదాన్నే 1907లో తాను ప్రారంభించిన బడిలో వాడారు. నీళ్లు ఒక పాత్రలో నుండి ఇంకొక పాత్రలోకి పోయడం, గింజలు వేరుచేయడం, బల్ల తుడవడం, వడ్డించడం ఆమె పద్ధతిలో పాఠాలే. 1939లో ఆమె మద్రాసుకు వచ్చి అడయారులో మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

మన తెలుగువారి మధ్య ఈ పిల్లల కోసం సంస్థలు వెలిసి చాలా కాలమే అయింది. హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలైంది. సికింద్రాబాదులో స్వీకార్ 1977లో మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదు బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను స్థాపించింది. పాతవారు దాన్ని ఎన్.ఐ.ఎం.హెచ్. అనే పిలుస్తారు. ఇప్పుడు దాని పేరు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. దేశమంతటా ప్రత్యేక ఉపాధ్యాయులు వాడే ఒక పరీక్షా పట్టిక అక్కడే తయారైంది. అందులో పిల్లల నైపుణ్యాలను స్వంత పనులు, నలుగురిలో మెలగడం, చదువు, వృత్తి పనులు, వినోదం అని విభజించారు. వయసు వస్తున్న పిల్లలకు అక్షరాల కన్నా బతుకుకు పనికివచ్చే పనులు ముఖ్యమని అక్కడి పద్ధతి చెబుతుంది. వాటిలో వంటింటి పని ఒకటి.

మొదలుపెట్టే ముందు బిడ్డను తెలుసుకోండి

అందరు పిల్లలకూ ఒకే పాఠం సరిపడదు. బిడ్డ జబ్బును బట్టి ఈ కింది విషయాలు చూసుకోండి.

మూర్ఛ (ఫిట్స్) ఉన్న పిల్లలు: మందులతో ఫిట్స్ అదుపులోకి వచ్చేవరకు పొయ్యి దగ్గర, వేడి నూనె దగ్గర, కత్తిపీట దగ్గర పని పెట్టకండి. కింద కూర్చుని చేసే పనులు ఇవ్వండి. ఫిట్స్ తగ్గాయని మాత్రలు సొంతంగా ఆపకండి.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు: ముందు కూర్చునే తీరు సరిచేయాలి. వీపుకు ఆనుడు, పాదాలకు నేల తగలాలి. నడుము నిలబడితేనే చేతులు పనిచేస్తాయి. గిన్నె జారకుండా కింద తడి గుడ్డ వేయండి. గరిటె పిడికి పాత గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. మింగడం కష్టమైన పిల్లలకు పల్లీలు, శనగలు, గట్టి ముక్కలు రుచి చూడమని ఇవ్వకండి, ఊపిరి గొట్టానికి అడ్డుపడే ప్రమాదం ఉంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు: వీరు చూసి నేర్చుకోవడంలో చురుకైనవారు. అయితే బరువు త్వరగా పెరుగుతారు, కొందరికి థైరాయిడ్ లోపం ఉంటుంది. కాబట్టి బెల్లం ముక్క, బిస్కెట్టు బహుమతిగా పెట్టే అలవాటు వద్దు. "శాబాష్" అని వీపు తట్టినా సంతోషిస్తారు.

ఆటిజం ఉన్న పిల్లలు: మిక్సీ చప్పుడు, తాలింపు ఘాటు, చేతికి అంటుకునే పిండి కొందరికి భరించరానివిగా ఉంటాయి. బలవంతం చేయకండి. మొదట గడప దగ్గర నిలబడి చూడనివ్వండి. పొడి గింజలతో మొదలుపెట్టి, తర్వాత తడి పిండికి రండి. రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో చేయించండి. ఏ పని తర్వాత ఏ పని అన్నది బొమ్మలు గీసి గోడకు అంటిస్తే వారికి ఎంతో నెమ్మది.

పాఠం 1: గ్లాసుడు మజ్జిగ

మొదటి పాఠానికి పొయ్యి అవసరం లేని పని తీసుకోండి. మనకు సులువుగా కనిపించే మజ్జిగ కలపడంలో నిజానికి ఎనిమిది పనులు ఉన్నాయి.

1. సబ్బుతో చేతులు కడుక్కోవడం.
2. గిన్నె, గరిటె, కవ్వం, గ్లాసు తెచ్చుకోవడం.
3. గిన్నెలో రెండు గరిటెల పెరుగు వేయడం.
4. గుర్తు పెట్టిన చోటు వరకు నీళ్లు పోయడం.
5. చిటికెడు ఉప్పు వేయడం.
6. కవ్వంతో చిలకడం.
7. గ్లాసులో పోయడం.
8. గ్లాసు తీసుకెళ్లి తాతకో, నాన్నకో ఇవ్వడం.

ఇలా పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టడం ఈ శిక్షణలో మొదటి సూత్రం. "మజ్జిగ కలుపు" అంటే ఆ బిడ్డకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "గరిటె తీసుకో" అంటే తెలుస్తుంది.

రెండవ సూత్రం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. చివరి మెట్టు ముందు నేర్పాలి. అంటే మొదటి ఏడు పనులు మీరే బిడ్డ ముందు చేయండి. ఎనిమిదవది, అంటే గ్లాసు తీసుకెళ్లి ఇవ్వడం మాత్రం బిడ్డ చేత చేయించండి. అది వచ్చిన తర్వాత ఏడవది, ఎనిమిదవది చేయించండి. ఆ తర్వాత ఆరు, ఏడు, ఎనిమిది. ఇలా వెనుక నుండి ముందుకు రండి.

ఎందుకు ఇలా? మొదటి మెట్టు నుండి నేర్పితే బిడ్డ చేతులు కడుక్కుని ఆగిపోతాడు, మిగతాది మనం చేస్తాము. పని పూర్తయిన సంతోషం అతనికి దక్కదు. చివరి మెట్టు నుండి నేర్పితే మొదటి రోజే పని అతని చేతుల మీదుగా పూర్తవుతుంది. తాత గ్లాసు అందుకుని "చల్లగా ఉంది బిడ్డా" అంటాడు. అన్నేళ్లుగా ఒకరు పెడితే తిన్న బిడ్డ మొదటిసారి ఒకరికి ఇచ్చినవాడు అవుతాడు. ఈ పాఠం మొత్తంలో మేము ఎక్కువ విలువ ఇచ్చేది ఈ మార్పుకే.

నీళ్లు ఎంత పోయాలో తెలియడానికి గిన్నెకు బయట రంగు టేపు అంటించండి. స్టీలు గిన్నె అయితే లోపలి మట్టం కనిపించదు కాబట్టి, నీళ్లు కొలవడానికి అద్దంలా కనిపించే ప్లాస్టిక్ గ్లాసు వాడి, దానికి టేపు గుర్తు పెట్టండి. ఉప్పుకు చిన్న చెంచా వేరుగా పెట్టండి.

సహాయం ఎలా తగ్గించాలి?

నేర్పడం కన్నా సహాయం ఆపడం కష్టమైన విద్య. నాలుగు మెట్లు దిగాలి.

మొదట బిడ్డ వెనుక నిలబడి అతని చేతి మీద మీ చేయి వేసి చేయించండి. తర్వాత చేయి తీసి, మీరు చేసి చూపించి, అతని చేత చేయించండి. ఆ తర్వాత వేలితో సైగ చేయండి. చివరకు నోటి మాట మాత్రమే చెప్పండి. అదీ వచ్చాక మాట కూడా ఆపి ఊరుకోండి.

ఒకసారి చెప్పిన తర్వాత వెంటనే రెండోసారి చెప్పకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఈ పిల్లలకు మాట చెవిన పడి, అర్థమై, చేయి కదలడానికి మనకన్నా ఎక్కువ సమయం పడుతుంది. చాలా ఇళ్లలో ఆ పది అంకెలు పూర్తికాకముందే తల్లి పని చేసేస్తుంది. బిడ్డ కూడా "ఆగితే అమ్మే చేస్తుంది" అని నేర్చుకుంటాడు.

ఒక నోటుపుస్తకంలో రోజూ రాసుకోండి. చేయి పట్టి చేయిస్తే "చే", చూపించి చేయిస్తే "చూ", సైగతో చేస్తే "సై", మాటతో చేస్తే "మా", స్వయంగా చేస్తే "స్వ". వరుసగా మూడు రోజులు "స్వ" వస్తే ఇంకొక మెట్టు కలపండి. వారం రోజులు మార్పు లేకపోతే బిడ్డకు రాదని అనుకోకండి. ఆ మెట్టును ఇంకా రెండు చిన్న మెట్లుగా విడగొట్టండి. ఫిట్స్ మందుల కోసం మా దగ్గరకు వచ్చే ఒక అబ్బాయికి మజ్జిగలో చివరి రెండు మెట్లు రావడానికే మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ కొంచెం ఒలకబోస్తాడు. ఒలికినది తుడవడం తొమ్మిదవ మెట్టుగా వాళ్ల అమ్మ కలిపింది. నేల తుడిచే గుడ్డ ఎక్కడ ఉందో ఆ ఇంట్లో ఇప్పుడు అందరికన్నా అతనికే బాగా తెలుసు.

పాఠం 2: సర్వపిండి

మన వరంగల్ ప్రాంతపు పిల్లలకు సర్వపిండిని మించిన వేళ్ల వ్యాయామం లేదు. కొందరు దీన్ని గిన్నెప్ప అంటారు. ఇందులో బిడ్డ చేయదగిన పనులు ఎక్కువ, ప్రమాదమైన పని ఒక్కటే, అది పొయ్యి వెలిగించడం. అది పెద్దవాళ్లు చేయాలి.

రెండు గ్లాసుల బియ్యపు పిండి, గుప్పెడు నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, ఉప్పు, కారం అన్నీ వేరువేరు గిన్నెల్లో వరుసగా పెట్టండి. బిడ్డ ఎడమ నుండి కుడికి ఒక్కొక్కటి పిండిలో వేస్తాడు. ఎడమ నుండి కుడికి వెళ్లడం రేపు చదవడానికి కూడా అవసరం. కారం మాత్రం మీరు వేయండి. కారం అంటిన చేతులతో పిల్లలు కళ్లు నులుముకుంటారు. పిండిలో కారం కలిపాక పిసికే పని మీది. బిడ్డ చేత పిసికించాలంటే ఆ సర్వపిండికి కారం పూర్తిగా మానేయండి. పని కాగానే సబ్బుతో చేతులు కడిగించండి.

నీళ్లు కొంచెం కొంచెం పోసి పిండి పిసకడం అరచేతికి, మణికట్టుకు బలం. చల్లని సర్వలో నూనె రాసి, పిండి ముద్ద పెట్టి వేళ్లతో అంచుల దాకా పలచగా వత్తడం రెండు చేతులు కలిపి చేసే పని. చివరకు చూపుడు వేలితో నాలుగైదు రంధ్రాలు పెట్టడం. ఒక్క వేలిని వేరుగా చాచి గుచ్చడం బొత్తాం పెట్టుకోవడానికి, ఫోను అంకెలు నొక్కడానికి, పెన్సిల్ పట్టడానికి పనికొచ్చే అభ్యాసం. ఫిజియోథెరపీలో బంకమట్టితో చేయించే పనే ఇది. రంధ్రాల్లో చెంచాతో నూనె చుక్కలు వేయించండి. తర్వాత సర్వను పెద్దవాళ్లు పొయ్యి మీద పెట్టి, మూత పెట్టి, సన్నని మంట మీద కాల్చాలి.

ఒక హెచ్చరిక. రెండో సర్వపిండి వత్తడానికి మొదటి సర్వ పూర్తిగా చల్లారాలి. పెద్దవాళ్లం తొందరలో వేడి తగ్గకముందే వత్తేస్తాము, బిడ్డ చేత అలా చేయించకూడదు. రెండు సర్వలు పెట్టుకోండి. వేడి సర్వ పెట్టే చోటును ఎర్ర గుడ్డతో గుర్తుపెట్టండి. "ఎర్ర గుడ్డ మీద ఉన్నది ముట్టుకోవద్దు" అనే నియమం ఈ పాఠంలోనే నేర్పవచ్చు.

నువ్వుల లడ్డూ, పల్లీ చిక్కీ వంటివి ఈ పిల్లలకు మొదటి పాఠాలుగా వద్దు. బెల్లం పాకం చర్మానికి అంటుకుని లోతుగా కాలుస్తుంది. సకినాలు చుట్టడానికి వేళ్ల నేర్పు చాలా కావాలి, కాబట్టి అది తర్వాతి సంవత్సరాల పాఠం.

పొయ్యి లేని మరికొన్ని పనులు: ఎల్లిగడ్డ పొట్టు తీయడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, కొత్తిమీర ఆకు తుంచడం, చింతపండులో గింజలు తీయడం, ఉడికి చల్లారిన గుడ్డు ఒలవడం, పెసర్లు బబ్బర్లు కలిపి పోసి వేరుచేయించడం, నిమ్మకాయ పిండడం. వీటిలో ఏది చేసినా అది ఆ పూట వంటలో నిజంగా వాడండి. పనికిరాని పని చేయిస్తే ఈ పిల్లలు కనిపెడతారు.

జాగ్రత్తలు

శిక్షణ సమయంలో పెద్దవారు ఒకరు పక్కనే ఉండాలి. ఫోను మాట్లాడుతూ చూసుకోవడం కుదరదు.

గ్యాసు వాసన వస్తే ఏమి చేయాలో బిడ్డకు ఒక్కటే నేర్పండి: బయటకు పరుగెత్తి పెద్దవాళ్లను పిలవడం. మిగతాది పెద్దవాళ్ల పని. వంట గ్యాసు గాలికన్నా బరువైనది, నేల దగ్గరే నిలుస్తుంది. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరవండి. లైటు స్విచ్ వేయకండి, ఉన్నది తీయకండి. బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి.

చేయి కాలితే వెంటనే కొళాయి కింద పెట్టి 20 నిమిషాలు చల్లని నీళ్లు పారనివ్వండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు పెట్టకండి. బొబ్బలు చిదమకండి. శుభ్రమైన బట్ట కప్పి తీసుకురండి. మాట సరిగా రాని పిల్లలు కాలిన నొప్పి చెప్పలేరు. వంట అయ్యాక రెండు చేతులూ ఒకసారి చూడడం అలవాటు చేసుకోండి.

వంట మధ్యలో ఫిట్స్ వస్తే మొదట పొయ్యి ఆపండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్లు పోయడం చేయకండి. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే, లేదా ఒకదాని వెంట ఒకటి వస్తే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

"మగపిల్లవాడికి వంట పనా?" ఆకలికి ఆడా మగా తేడా లేదు. తనకు తాను పెట్టుకోవడం ఇద్దరికీ కావాలి. నాన్న కూడా బిడ్డ పక్కన కూర్చుని ఎల్లిగడ్డ ఒలిస్తే పాఠం సగం అయినట్లే.

"ఏ వయసులో మొదలుపెట్టాలి?" మూడు నాలుగేళ్ల బిడ్డ గ్లాసులు అందివ్వగలడు. ఇరవై దాటినా ఆలస్యమైందని వదిలేయకండి. పెద్దవారు కూడా నేర్చుకుంటారు, సమయం ఎక్కువ పడుతుంది.

"తానే చేస్తే అన్నీ పాడుచేస్తాడు కదా?" కొంత పాడవుతుంది. అందుకే గ్లాసుడు మజ్జిగతో మొదలుపెట్టమన్నాము. పండుగ రోజు, చుట్టాలు వచ్చిన రోజు, మీకు తలనొప్పిగా ఉన్న రోజు కొత్త మెట్టు నేర్పకండి.

"నలుగురిలో నవ్వులపాలవుతాడేమో?" దాచిపెట్టిన కొద్దీ నలుగురికి వింతగానే ఉంటాడు. సంఘంలో ప్రేమవిందు జరిగినప్పుడు ఆకులు వేయడం, నీళ్ల గ్లాసులు పెట్టడం వంటి పని ఈ పిల్లలకు అప్పగించండి. ముందే ఇంట్లో నేర్పి తీసుకురండి. సంఘ పెద్దలు, యౌవనస్థులు దీనికి చోటు ఇవ్వాలని మనవి.

"దీనితో వాడు సంపాదిస్తాడా?" అందరికీ మాట ఇవ్వలేము. కాని దారి లేకపోలేదు. 2017లో కర్ణాటకలోని హుబ్బళ్లిలో వికలాంగులే నడిపే మిట్టి కేఫ్ అనే చిన్న ఫలహారశాల మొదలైంది. తర్వాత పలు ఊళ్లకు విస్తరించింది. 2023 నవంబరులో ఢిల్లీలో సుప్రీంకోర్టు ఆవరణలోనే దాని శాఖ ఒకటి ప్రారంభమైంది. మేధో వైకల్యం ఉన్నవారు కూడా అక్కడ పనిచేస్తున్నారు.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వాటిలో ఉన్నాయి. 40 శాతం లేక అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉన్న 6 నుండి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరలోని మామూలు బడిలో గాని, ప్రత్యేక బడిలో గాని ఉచితంగా చదివే హక్కు ఉంది. ధ్రువపత్రం ఇంకా తీసుకోనివారు ముందు ఆ పని చూడండి.

ప్రభుత్వ బడుల ఆధ్వర్యంలో మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఏర్పాటయ్యాయి. వీటిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఈ పిల్లలకు పాఠాలు చెబుతారు. వివరాలకు మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. మీ ఇంట్లో రాసుకున్న నోటుపుస్తకం ఆ టీచర్‌కు చూపించండి. ఇంట్లో ఒక రకంగా, బడిలో ఒక రకంగా నేర్పితే బిడ్డ తికమకపడతాడు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద తల్లిదండ్రుల తర్వాత బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకులను నియమించుకునే ఏర్పాటు ఉంది. అదే ట్రస్ట్ నిరామయ అనే ఆరోగ్య బీమాను లక్ష రూపాయల వరకు ఇస్తుంది.

కాగితాలన్నీ సిద్ధం చేసుకోండి. అయితే సంరక్షకుల పేరు కాగితం మీద రాయించినంత మాత్రాన బిడ్డకు ముద్ద నోట్లోకి వెళ్లదు. ఆ చేతికి అలవాటు మన చేతుల్లో బలం ఉండగానే చేయాలి.

గుర్తుంచుకోవలసినవి

• పనిని చిన్న మెట్లుగా విడగొట్టండి.
• చివరి మెట్టు ముందు నేర్పండి.
• ఒకసారి చెప్పి, పది అంకెలు లెక్కపెట్టి ఆగండి.
• రోజూ అదే వేళ, అదే వరుస, పావుగంట చాలు.
• మంట, వేడి నూనె, కత్తిపీట పెద్దవారి చేతుల్లో ఉండాలి.
• బిడ్డ చేసినది ఇంట్లో ఎవరో ఒకరు తినాలి, తాగాలి, బాగుందని చెప్పాలి.

ఈ వారం చేయవలసిన అభ్యాసం

ఇవాళ మధ్యాహ్నం భోజనానికి ముందు ఇంట్లో ఎంతమంది ఉన్నారో అన్ని పళ్లేలు బిడ్డ చేత పెట్టించండి. తన పళ్లెం కూడా తానే పెట్టుకోవాలి. ఏడు రోజులు నోటుపుస్తకంలో రాయండి. ఓ.పి.కి వచ్చినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకురండి. తర్వాతి మెట్టు ఏమిటో మేము, మీరు కలిసి చూద్దాం.